మూడు లాంతర్ల దగ్గర క్యాసెట్లు బాగుచేసే షాపు, శనివారం సాయంత్రం పాటలు

అటక మీద పాత క్యాసెట్లు మూటకట్టి పెట్టుకున్నవాళ్లు, టేప్‌రికార్డర్ పాడైనా పారెయ్యడానికి మనసొప్పక మూలన ఉంచుకున్నవాళ్లు, ఇవేవీ లేకపోయినా తమకి ప్రాణమైన పాట ఒకటి మంచి స్పీకర్లలో నలుగురితో కూర్చుని వినాలనుకునేవాళ్లు, విజయనగరంలో గనక ఉంటే ఈ షాపుకి తప్పకుండా వెళ్లండి. మూడు లాంతర్లకీ గంటస్తంభానికీ మధ్యలో ఒక సందులో ఉంటుంది. బోర్డు మీద రేడియో, టేప్‌రికార్డర్, ఆంప్లిఫయర్ రిపేర్లు అని మాత్రమే రాసుంది. క్యాసెట్లోని పాటల్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారన్న సంగతి గానీ, శనివారం సాయంత్రాలు అక్కడ ఎవరికి నచ్చిన పాట వాళ్లు పెట్టుకుని అందరికీ వినిపించుకుంటారన్న సంగతి గానీ బోర్డు చూస్తే తెలీదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు రిపేరు గురించి. మా నాన్నగారి టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసినది) చాలా ఏళ్లుగా మూగబోయి ఉంది. ఇంకో చోట చూపిస్తే పార్టులు దొరకవండీ, పాత సామాన్లకి వేసెయ్యండి అన్నారు, మూత కూడా తియ్యలేదు. ఇక్కడ మాస్టారు మా ఎదురుగానే విప్పారు. (షాపాయన్ని అందరూ మాస్టారనే పిలుస్తారు, నేనూ అదే రాస్తాను.) లోపల బెల్టు సాగి జిగురు జిగురుగా అయిపోయింది. టేపుని లాగే రబ్బరు చక్రం గట్టిపడిపోయి గాజులా మెరుస్తోంది. టేపు మీది పాటని చదివే హెడ్డు మీద గోధుమ రంగులో ఏదో పేరుకుంది. నేను దుమ్మనుకుంటుంటే, అది టేపు మీద పూత అమ్మా, వాయించినప్పుడల్లా కొంచెం కొంచెం రాలుతుంది, అంటే రాలింది పాటలే అన్నారు. దూదికి స్పిరిట్ అద్ది ఎంత నిదానంగా తుడిచారంటే, దూది తెల్లగా వచ్చేదాకా మారుస్తూనే ఉన్నారు.

అసలు పనితనం ఆ తర్వాత కనిపించింది. హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. హెడ్డు టేపుకి సరిగ్గా నిటారుగా నిలబడాలి, వెంట్రుకవాసి వాలినా పైస్థాయి శబ్దాలన్నీ చచ్చిపోతాయి. ఒక్కో క్యాసెట్ ఒక్కో మిషన్ మీద రికార్డయి ఉంటుంది కాబట్టి ఒకదానికి సరిపోయింది ఇంకోదానికి సరిపోదు, ప్రతి క్యాసెట్‌కీ ఆ స్క్రూ మళ్లీ చూసుకోవాల్సిందే. ఆయన పాట నడుస్తుండగా స్పీకర్ దగ్గర చెవి పెట్టి, సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతూ ఒక చోట ఆపారు. అప్పటిదాకా దుప్పటి ముసుగులోంచి పాడుతున్నట్టున్న గొంతు విచ్చుకుంది, వెనకాల తాళాలు విడిగా వినపడ్డాయి. మా నాన్నగారు కుర్చీలోంచి ముందుకి వంగారు. చిన్నప్పట్నుంచీ వింటున్న క్యాసెట్టే, అందులో తాళాలున్నాయని నాకు తెలీదు.

మోటారు వేగం కూడా చూస్తారు. క్యాసెట్లో టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడవాలి, కొంచెం నెమ్మదించినా శ్రుతి దిగిపోతుంది, సుశీలగారి గొంతు ఇంకెవరిదోలా వినపడుతుంది. దానికో టెస్ట్ క్యాసెట్ ఉంది ఆయన దగ్గర, మొదట్నుంచి చివరిదాకా ఒకే కూత, అది వేసి ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టి సరిచేస్తారు. ఈ ఊళ్లో శ్రుతి తేడా వస్తే ఊరుకోరండీ, సంగీత కళాశాల వాళ్లు వచ్చి పట్టేసుకుంటారు అంటారు. నిజమే. 1919లో మొదలైన కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పిన చోటు, ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. అక్కడి పిల్లలూ, అక్కడ పనిచేసి రిటైరైనవాళ్లూ శనివారాలు ఈ షాపుకి వస్తుంటారు.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే పనికి గంట క్యాసెట్‌కి గంట పడుతుంది, దానికి దగ్గరదారి లేదు, వాయిస్తూనే ఎక్కించాలి. గంట నడిచే సి-60కి 150 రూపాయలు, గంటన్నర నడిచే సి-90కి 200 తీసుకున్నారు. ఈ పనికి నా లెక్కలో ఇది తక్కువే. మీ క్యాసెట్ మీరు తెచ్చుకుంటేనే చేస్తారు. నెట్‌లో దించిన వెయ్యి పాటలు ఎక్కించి ఇవ్వండి అని ఎవరో అడిగితే నా ముందే కుదరదనేశారు.

మా క్యాసెట్లలో ఒకటి నాన్నగారు టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి పట్టినది. ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో మహాభారతం వచ్చే రోజులు, 1988లో మొదలైంది కదా, టైటిల్ పాట మహేంద్ర కపూర్ గొంతు. దాని కింద మా ఇంటి కుక్కర్ మూడు ఈలలు, మా నాయనమ్మ ఎవర్నో తలుపెయ్యమని కేకెయ్యడం, అన్నీ పడ్డాయి. మాస్టారు పని మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి, ఈలలూ మాటలూ తగ్గించమంటారా, ఉంచమంటారా, తగ్గిస్తే పాట కూడా కొంచెం పల్చబడుతుంది, ఆలోచించుకుని చెప్పండి అన్నారు. ఉంచమన్నాం. ఈ ఒక్క ఫోన్‌కే నేను ఐదు నక్షత్రాలూ ఇచ్చేస్తాను. వేరే ఎవరైనా అయితే శుభ్రం చేశామండీ అని సంతోషంగా నాయనమ్మని తుడిచేసి చేతిలో పెట్టేవారు.

ఇంక శనివారం సంగతి. సాయంత్రం ఆరుకి రిపేరు బల్ల మీద సామాన్లన్నీ తీసేసి, గోడవారనున్న రెండు పెద్ద స్పీకర్లకి పాత ఆంప్లిఫయర్ కలుపుతారు. ఎనిమిదింటికి ఆపేస్తారు. టికెట్ లేదు, ఏమీ కొనక్కర్లేదు. పద్ధతి మాత్రం ఉంది. మనిషికి ఒక్క పాట. అది సినిమాలోదో, సీరియల్‌దో, వీడియో గేమ్‌దో అయ్యుండాలి. పెట్టే ముందు అది ఎందులోది, ఎవరు కట్టారు, మీకెందుకు ఇష్టం అన్నది రెండు ముక్కల్లో చెప్పాలి. మొదలెట్టాక చివరిదాకా విని తీరాలి, మధ్యలో మార్చడం లేదు, మాట్లాడ్డం లేదు. ఫోన్లో ఉన్న పాటైతే వైరు పెట్టి కలుపుతారు.

ఈ చివరిదాకా వినాలన్న పద్ధతి వల్లే నేను మళ్లీ మళ్లీ వెళ్తున్నాను. ఇంట్లో మనం ఎవరికైనా ఇష్టమైన పాట పంపితే ఏమవుతుంది, పల్లవి విని ఒక బొమ్మ పెట్టేస్తారు, చరణం దాకా వచ్చేవాళ్లు ఎంతమంది? ఇక్కడ పాట పెట్టినవాళ్ల మొహం చూస్తూ పాటంతా వింటాం. నచ్చకపోయినా వింటాం, అలా వింటుంటే రెండో చరణానికి నచ్చిన పాటలు నాకు చాలా ఉన్నాయి.

కళాశాలలో పనిచేసి రిటైరైన ఒకావిడ మల్లీశ్వరిలో భానుమతిగారి ‘మనసున మల్లెల’ పెట్టారు. 1951 సినిమా, కృష్ణశాస్త్రిగారి మాట, సాలూరి రాజేశ్వరరావుగారి స్వరం. ఆయనది మన సాలూరు దగ్గర శివరామపురమే కదా అనగానే వెనక బల్ల మీంచి మాది సాలూరేనండీ అని ఒకతను చెయ్యెత్తాడు. ఆమె పాటని పొగడలేదు, చిన్నప్పుడు ఈ పాట పాడబోయి ఎక్కడ ఊపిరి అందక ఆగిపోయేదాన్నో వినండి అని ఆ చోటు ముందే చెప్పారు. ఆ చోటు రాగానే గదిలో అందరం మన ఊపిరి మనమే బిగబట్టుకున్నాం.

దాని తర్వాతి వంతు ఇంజినీరింగ్ చదివే కుర్రాడిది. సూపర్ మారియో. ఫోన్లోది కాదు, ఇంట్లో ఉన్న పాత వీడియో గేమే సంచిలో పెట్టుకుని తెచ్చాడు, పసుపు రంగు క్యాసెట్‌తో సహా. మాస్టారు దాని తెల్ల పిన్ను ఆంప్లిఫయర్‌కి గుచ్చారు, బొమ్మ అక్కర్లేదని పసుపు పిన్ను వదిలేశారు. ముందు వరసలో ఒక పెద్దాయన, అది పాటేటి బాబూ, మాటల్లేవు కదా అన్నారు. మాస్టారు వెనక్కి తిరక్కుండానే, ద్వారం వారి ఊళ్లో ఉండి వయొలిన్‌కి మాటలడుగుతారేటండీ అన్నారు. పెద్దాయన నవ్వేసి కూర్చున్నారు.

నేను చిన్నప్పుడు మా పక్కింట్లో ఆ ఆట ఆడినదాన్నే, ఆ ట్యూను టీవీ స్పీకర్లో కీచుకీచుమంటూ వినడమే అలవాటు. ఈ పెద్ద స్పీకర్లలో వింటే కింద బేస్ ఒకటి నడుస్తోందని తెలిసింది, పైనున్న ట్యూనుతో అది దాగుడుమూతలాడుతోంది. ఆ కుర్రాడు చెప్పింది ఏంటంటే, 1985లో కోజీ కోండో ఇది కట్టేటప్పుడు ఆ మిషన్‌లో శబ్దానికి ఉన్నవి ఐదే దారులు. ట్యూను పలికేవి రెండు, బేస్‌కి ఒకటి, డ్రమ్ములాంటి చప్పుడుకి ఒకటి, ముందే పట్టి ఉంచిన చిన్న చిన్న శబ్దాలకి ఇంకోటి. వాటిలోనే మారియో గెంతే చప్పుడూ, నాణెం చప్పుడూ కూడా రావాలి. ఇంత ఇరుకులో కట్టిన ట్యూను ప్రపంచం మొత్తం కూనిరాగం తీస్తోందంటే అది చిన్న పని కాదు. తర్వాత నీళ్లలో ఈదే లెవెల్‌ది వినిపించాడు. సంగీత కళాశాల అమ్మాయి ఒకతె ఒళ్లో చెయ్యి పెట్టుకుని తకిట తకిట అని లెక్కేసి, ఇది తిశ్రం నడకండీ, మూడేసి లెక్క అంది. అవును, పాశ్చాత్య సంగీతంలో వాల్ట్జ్ అనే నడక. పరుగెత్తే చోట ఒక నడక, తేలే చోట ఇంకో నడక, ఆలోచించే కట్టాడు ఆయన. ఒక పాట అన్న పద్ధతిని మాస్టారు ఆ రోజు చూసీ చూడనట్టు వదిలేశారు.

మా అబ్బాయి పెట్టినది ‘బాబా యేతు’. 2005లో వచ్చిన సివిలైజేషన్ 4 ఆటకి క్రిస్టఫర్ టిన్ కట్టాడు, 2011లో దానికి సంగీతానికిచ్చే గ్రామీ అవార్డు వచ్చింది, వీడియో గేమ్ కోసం కట్టిన సంగీతానికి గ్రామీ రావడం అదే మొదటిసారి. స్వాహిలీ భాషలో బృందగానం. మావాడు టెన్షన్‌లో ఈ వివరాలన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసి, మాటలు మాత్రం క్రైస్తవుల పరలోక ప్రార్థన అని చివర్లో అన్నాడు. కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చే నర్సుగారు ఒకావిడ ఉన్నారు, ఆవిడ పాట అయ్యేదాకా కళ్లు మూసుకునే ఉన్నారు, అయ్యాక మావాణ్ని పిలిచి, మా చర్చిలో క్వాయర్‌కి నేర్పిస్తాను, పేరు రాసివ్వు నాన్నా అని చీటీ మీద రాయించుకున్నారు. ఎప్పుడూ ఆటలే అని నేను వాణ్ని తిట్టే ఇంట్లో, వాడు ఆటలో విన్న పాటని అంత పెద్దావిడ అడిగి రాయించుకుందంటే నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు, ఆమదాలవలసలో రైలెక్కితే దగ్గరే. అట్నుంచి వచ్చిన ఒకతను పలాస 1978లోని ‘నక్కిలీసు గొలుసు’ పెట్టాడు. 2020 సినిమా, రఘు కుంచె సంగీతం. ఇది పెళ్లి డీజేల్లో వినీ వినీ విసిగిపోయాం అని ఎవరో గొణిగారు. అతనేమీ అనుకోలేదు, ఇది సినిమాకంటే ముందు మా వైపు జనం నోట్లో ఉన్న పాట, డీజే లేకుండా ఒకసారి వినండి అన్నాడు. విన్నాం. దానికి జవాబుగా అన్నట్టు ఆ వెంటనే ఇంకో అమ్మాయి టెట్రిస్ అనే వీడియో గేమ్ ట్యూను పెట్టింది. అది కూడా రష్యా వాళ్ల జానపదమేనట, ఊరూరూ తిరిగి సరుకులమ్ముకునే కుర్రాడి ప్రేమ కథ, 1989లో గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకునే మిషన్‌లోని ఆటలోకి ఎక్కి ఊళ్లు దాటిపోయింది. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి వినే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి. సంత పాట సినిమాకెక్కినా ఆటకెక్కినా బతుకుతూనే ఉంటుందని ఆ పది నిమిషాల్లో అక్కడున్న అందరికీ ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

సీరియల్ పాటలకి వచ్చే గోల మాత్రం వేరు. మాల్గుడి డేస్ ట్యూను, ఎల్. వైద్యనాథన్‌గారిది, మొదలవ్వగానే యాభై దాటినవాళ్లందరి మొహాలూ వెలిగిపోతాయి. అమృతం టైటిల్ పాట పెడితే ఇంక మౌనంగా వినడమన్న పద్ధతి ఎవరూ పాటించరు, సిరివెన్నెలగారి ఆ మాటలు అందరికీ నోటికొచ్చు, అందరూ పాడేస్తారు. ఆ ఒక్కదానికీ మాస్టారు కూడా గొంతు కలుపుతారు.

ఇప్పుడు బాగోలేనివి. చెప్పిన రోజుకి పని అవ్వదు. గురువారం రండి అంటే వచ్చే గురువారం అని మనమే సర్దుకోవాలి, ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే మాత్రం ఓపిగ్గా చెప్తారు. రసీదు ఇవ్వరు, క్యాసెట్ మీద మన పేరు స్కెచ్ పెన్నుతో రాసి అట్టపెట్టెలో వేస్తారు. పోయిందన్నవాళ్లు నాకు తగల్లేదు గానీ, మళ్లీ దొరకని క్యాసెట్లు ఇచ్చే చోట ఒక చీటీ అయినా ఉండాలి, ఆయనతో ఈ మాట చెప్పాను కూడా. బండి పెట్టుకోడానికి చోటు లేదు, గంటస్తంభం దగ్గరే పెట్టి నడవడం మేలు. కూర్చోడానికి రెండు బల్లలు, నాలుగు కుర్చీలు, ఆలస్యమైతే గుమ్మం బయట నిలబడాలి, అక్కణ్నుంచి వింటే ఒకవైపు స్పీకరే వినపడుతుంది. బాత్రూం లేదు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఇది గుర్తుంచుకోండి. కరెంటు పోతే ఆ ఆంప్లిఫయర్‌కి ఇన్వర్టర్ చాలదు, పాట మధ్యలో ఆగిపోతుంది, వచ్చాక మళ్లీ మొదట్నుంచి పెడతారు.

రెండు ముక్కల్లో చెప్పమంటే పావుగంట చెప్పేవాళ్లు కూడా వస్తున్నారు ఈమధ్య. పాట గురించి కాదు, వాళ్ల గురించి. అలాంటప్పుడు వరసలో చివర ఉన్న పిల్లల వంతు ఎనిమిదింటికి మిగిలిపోతోంది, వాళ్లు వచ్చే వారం వస్తారో రారో. మాస్టారు పెద్దవాళ్లని ఆపమనడానికి మొహమాటపడతారు. పిల్లల పాటలు ముందు పెట్టించేస్తే ఈ గొడవ ఉండదని నా అభిప్రాయం.

ఇంకోటి, రాత్రి ఆకలేస్తే అక్కడేమీ దొరకదు. సందు మొదట్లో ముంత మసాలా బండి ఉంటుంది, బాగుంటుంది, కానీ పొట్లంతో లోపలికి వెళ్లకండి, కరకరల చప్పుడుకి ఆయనకి నిజంగా కోపమొస్తుంది.

వెళ్లేవాళ్లకి నా సలహా, పాట ఫోన్లో ముందే దించి పెట్టుకోండి, ఆ సందులో సిగ్నల్ సరిగా ఉండదు. కంపెనీ విడుదల చేసిన సరైన కాపీ ఉంటే అదే తీసుకెళ్లండి, స్టేటస్‌లలో తిరిగే ముక్కలు ఆ స్పీకర్లలో పెడితే బొరబొరమంటాయి. క్యాసెట్లు ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ డబ్బాతో ఇవ్వండి, లోపల బూజు పట్టినవి ఉంటే విడిగా చెప్పండి, అవి హెడ్డుకి అంటుకుంటే తర్వాతవాళ్ల క్యాసెట్‌కి కూడా పడుతుంది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ కదా, ఆ వారం మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలదు, షాపు తియ్యరు, శనివారం పాటలూ ఉండవు. ఇవ్వాల్సిన క్యాసెట్లు ఏమైనా ఉంటే దసరాకి ముందే ఇచ్చేసుకోండి.